ఉప్పుగడ్డయిన సరంగు

నాకు నీళ్లంటే భయమని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నాను పిల్లలూ, ఎందుకంటే ఈ కథ నీళ్లదే.

ఒకానొక సముద్రపు ఒడ్డున ఒక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ మూడు దీవులు చూడ్డానికి పడవెక్కారు. తిరిగి రాలేదు. వాళ్లను వెతకడానికి మూడోవాడు వల్లభుడు చిన్న పడవ కట్టించాడు. చుక్కాని సరంగు పోలయ్యది, తెడ్డు అతని కూతురు నూకాలుది. పడవ ముక్కున మాటలొచ్చిన నీటికాకి.

"ఆ దీవుల్లో ఒక మాంత్రికుడున్నాడు, ఎక్కడికని అడుగుతాడు," అంది నీటికాకి. "పోతున్నామన్నారో, ఉప్పుగడ్డలైపోతారు. ఆ మాటతో ప్రాణం పోతుంది. వాడి ప్రాణం మాత్రం చిలకలో దాచుకున్నాడు."

"మా ఇంట్లో ఆ మాటంటే చీపురు తిరగేస్తారు," అంది నూకాలు. "నూతికెళ్లినా వెళ్లొస్తాననాలి."

మొదటి దీవి దగ్గర ఎండ. పోలయ్య కునుకుతున్నాడు. ఒడ్డు నుంచి చచ్చిపోయిన అతని తల్లి గొంతు వినిపించింది. "పోలిగా, ఎక్కడికిరా?"

"ఇక్కడికే పోతున్నానమ్మా," అనేశాడు నిద్రమత్తులో.

ముందు చెయ్యి, తర్వాత గడ్డం, ఆపైన కళ్లు. అంతా ఉప్పు. నూకాలు అరవలేదు. చుక్కాని తను పట్టుకుంది.

రెండో దీవి దగ్గర మంచు. పోలయ్య ఒళ్లంతా చెమ్మగిల్లింది. నూకాలు తెరచాప దించి తండ్రికి కప్పింది. "వానొస్తే కరిగిపోతాడు, దొరా," అంది మెల్లగా.

మూడో దీవి దగ్గర వానొచ్చింది.

బండ మీద మాంత్రికుడు, భుజాన చిలక. "ఎక్కడికి, నాయనా?" అన్నాడు అచ్చం వల్లభుడి తల్లి గొంతుతో.

ఆ మాట వల్లభుడి నాలుక చివరికొచ్చింది. పళ్లు బిగించాడు. బయలుదేరిన బిడ్డని ఏ తల్లీ ఎక్కడికని అడగదు కదా. తెరచాప కింద పోలయ్య చెవి కరిగి జారుతోంది.

"చిలకా, విన్నది విన్నట్టు పలుకుతావటగా," అన్నాడు వల్లభుడు. "మా పెద్దన్న ఇక్కడ చివరికి ఏమన్నాడో పలుకు. నీకు రాదులే."

"పలక్కు," అన్నాడు మాంత్రికుడు.

చిలకకు రోషమొచ్చింది. పెద్దన్న గొంతుతో పలికింది. "పోతున్నాను."

పోయింది. వెనకాలే మాంత్రికుడూ పోయాడు.

వాన ఆగింది. ఉప్పంతా మళ్లీ ఒళ్లయింది. గుహలోంచి అన్నలిద్దరూ వణుకుతూ వచ్చారు. పోలయ్య చెవి తడుముకుని, "ఓ పక్క కొంచెం తగ్గిందే," అన్నాడు. నూకాలు అప్పుడు ఏడ్చింది.

వల్లభుడు నూకాలును పెళ్లాడాడు. తలలు నెరిసేదాకా ఏలారు. వాళ్ల రాజ్యంలో పెరట్లోకి వెళ్లేవాళ్లు కూడా వెళ్లొస్తామనే అనేవారు.

రేపు నేనూ పదిమందితో చిన్న పడవలో దీవులకు బయలుదేరాలి. వానపడేలా ఉంది. భయపడుతుందని అమ్మమ్మకు చెప్పలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తాను. ఆవిడ ఎక్కడికని అడగదు. నేను అనాల్సిన మాట అనేసి పెట్టేస్తాను.