తీగ ఆగిన చోటు

పిల్లలూ, కత్తి లేకుండా కొయ్యడం ఎలాగో చెప్పండి చూద్దాం?

పళ్ళతోనా? సరే, నీకు ఆకలేస్తోందని తెలిసిపోయింది. దారంతోనా? ఆఁ, దగ్గరికొచ్చావు. ఉడికిన కోడిగుడ్డుని మీ అమ్మ దారంతోనే కదూ కోస్తుంది! ఇంకొంచెం ముందుకెళ్ళండి. ఈ మినప్పప్పు పొట్టు ఇంకా సగం కూడా పోలేదు. అయినా కాసేపు చేతులు ఆరనిస్తాను. ఇలా పీట దగ్గరికి జరగండి.

థర్మోకోల్ తెలుసు కదా, టీవీ డబ్బాలో చుట్టూ దూర్చి పంపిస్తారే, ఆ తెల్ల దిమ్మ. దాన్ని కత్తితో కోస్తే పూసలు పూసలుగా రాలి ఇల్లంతా అవుతుంది. అందుకని ఏం చేస్తారంటే, ఒక సన్నటి తీగని విల్లుకి నారి కట్టినట్టు కట్టి, బ్యాటరీ తగిలించి వేడెక్కిస్తారు. ఆ విల్లుని అటొకరు ఇటొకరు పట్టుకుని దిమ్మలోంచి మెల్లగా లాగితే, వెన్నలో వేలు పోయినట్టు పోతుంది. తీగకి పదునుండదు. కోసేది వేడి.

మరి లాగుతూ లాగుతూ మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది? మనం ఆగినంత మాత్రాన వేడి ఆగదు కదా. ఆగిన చోట చుట్టూ కరిగి గుంట పడిపోతుంది. ఈ సంగతి ఒక్కటి మనసులో పెట్టుకోండి. కథంతా అక్కడే ఉంది.

ఏలూరులో వెంకటరత్నం గారని ఒకాయనకి మందుల షాపు ఉండేది. ఆయనకి ఒక్కతే కూతురు, కిన్నెర. ఆ పిల్లకి బొమ్మ విమానాలంటే పిచ్చి. రిమోటుతో నిజంగా ఎగిరేవి, తన చేత్తో తనే చేసుకునేది. ఒక వానాకాలం జ్వరం వచ్చి, వారం తిరక్కుండా ఆ పిల్ల పోయింది. ఊళ్ళో అందరికీ జ్వరం మాత్రలు ఇచ్చిన చెయ్యి ఆయనది. ఏం చెప్పను!

కిన్నెర గదిలో కొక్కేనికి ఒక విమానం మొండెం వేలాడుతూ మిగిలింది. మోటారు ఉంది, తోక ఉంది. ఇంకా తగిలించని ఎడమ రెక్క విడిగా ఉంది. కుడి రెక్క లేదు.

దాన్ని ఎలాగైనా ఒక్కసారి ఎగరెయ్యాలని ఆయనకి పట్టుకుంది. తిన్నగా కాన్వెంటుకి వెళ్ళాడు. అక్కడ సిస్టర్ ఫిలోమినా అని ఒకావిడ ఉండేవారు. పిల్లలకి ఫిజిక్సు చెప్పి చెప్పి రిటైరయ్యాక, వెనకాల పాత ల్యాబు గదిలో విమానాలు చెయ్యడం నేర్పుతూ ఉండేవారు. కిన్నెరకి విద్య చెప్పింది ఆవిడే. తెల్ల బట్టలు, మెళ్ళో సిలువ, కుడి చేతి అంచున ఎప్పుడూ ఒక కాలిన మచ్చ.

"నేను కిన్నెర నాన్నని, సిస్టర్."

"తెలుసు. కూర్చోండి."

"ఒక రెక్క మిగిలిపోయింది. మీరు చేసి పెడితే..."

"విల్లుకి రెండు కొసలండీ. నేను ఒక్కదాన్నే. రెండో కొస ఎవరు పడతారు?"

"ఎవరైనా పిల్లలు..."

"పిల్లలకి పరీక్షలు. మీరే పట్టండి."

ఆయన రెండు చేతులూ ఒళ్ళో దాచుకున్నాడు. "నా చేతికి రాదు సిస్టర్. నా చెయ్యి వద్దు."

"డాక్టర్ల రాత చదివే మనిషికి ఇదొక లెక్కా? రేపు షాపు తెరిచే ముందు రండి."

అలా మొదలైంది. ఆవిడ రెక్క మొదలు వైపు నిలబడేవారు, ఆయన చివరి వైపు. దిమ్మకి ఆ కొసనొకటి, ఈ కొసనొకటి రెక్క వంపులో కోసిన సన్‌మైకా అచ్చులు బిగించి ఉంటాయి. తీగ ఆ అచ్చుల మీద జారుకుంటూ పోవాలి.

"చూడండి రత్నంగారూ," అన్నారావిడ మొదటి రోజు. "మొదలు దగ్గర రెక్క వెడల్పు. చివర ఇరుకు. నేను ఎక్కువ దూరం పోవాలి, మీరు తక్కువ. కానీ ఇద్దరం ఒకేసారి అవతలికి చేరాలి. అంటే మీరు నాకంటే నిదానంగా రావాలి. రావాలి గానీ, ఆగకూడదు."

ఇంకో మాట కూడా చెప్పారు. "కుడి రెక్క, ఎడమ రెక్క అద్దంలో చూసుకున్నట్టు ఉండాలి. ఒకటి నున్నగా, ఒకటి వంకరగా ఉందనుకోండి, విమానం అటువైపు ఒరిగి నేల కరుస్తుంది. మంచి రెక్క ఒక్కటి ఉంటే చాలదు."

మొదట్లో ఆయన తొందరపడేవాడు. తీగ మధ్యలో వెనకబడి పొట్టలా సాగేది. కాదని నెమ్మదిస్తే, నెమ్మదించి నెమ్మదించి చెయ్యి ఆగిపోయేది. బయట ఎక్కడ ఫోను మోగినా సరే, ఆయన చెయ్యి ఉలిక్కిపడి ఆగేది. తన ఫోను మాత్రం ఆయన లోపలికి తెచ్చేవాడు కాదు. గేటు దగ్గర వాచ్‌మన్ చేతికిచ్చి వచ్చేవాడు. సిస్టర్ అది చూశారు. అడగలేదు.

"ఆగకండి," అనేవారు. అంతే. రోజూ అదే మాట. ఎప్పుడైనా నవ్వొస్తే, "ఇదేం ఎర్ర సిగ్నలు కాదు రత్నంగారూ, పదండి పదండి," అనేవారు.

పాడైన రెక్కలు గది మూలన గుట్టగా పెరిగాయి. వానలు వెళ్ళిపోయాయి. పొద్దున్నే చలి మొదలయ్యేసరికి ఆయన చెయ్యి కుదుటపడింది. ఒకరోజు కోసిన రెక్క మీద సిస్టర్ అరచెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొసదాకా నిమిరారు. ఎక్కడా ఏమీ తగల్లేదు.

"ఇక మీ చేతికి నేను చెప్పేదేం లేదు," అన్నారు.

"అయితే రేపు మా అమ్మాయి చేసిన రెక్క తెస్తాను," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్న ఆయన బీరువా తెరిచాడు. ఆయన భార్య అనసూయమ్మ ఆ ఎడమ రెక్కని తన పాత వాయిలు చీరలో చుట్టి పై అరలో పెట్టుకుంది. ఆవిడే దింపి చేతికిచ్చింది.

"తీసుకెళ్ళండి," అంది. "మళ్ళీ తీసుకురండి."

ఆయన దాన్ని చంకలో పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ల్యాబు గదిలో బల్ల మీద చీర విప్పాడు. విప్పుతూనే అన్నాడు. "సిస్టర్, ఇది పారేద్దాం. రెండు రెక్కలూ కొత్తవి చేద్దాం. ఇప్పుడు నా చేతికి వచ్చు కదా."

ఆవిడ రెక్కని చేతిలోకి తీసుకుని అలవాటు ప్రకారం నిమిరారు. చివర దగ్గరికి వచ్చేసరికి ఆవిడ బొటనవేలు ఒక గుంటలో పడింది. సరిగ్గా వేలు పట్టేంత గుంట.

"ఇదేంటి?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"ఆదివారం. అన్నాలు తినే బల్ల మీద పెట్టింది. 'నాన్నా, నువ్వు ఆ కొస పట్టుకో, ఐదు నిమిషాలు చాలు' అంది. పట్టుకున్నాను. మధ్యలో జేబులో ఫోను మోగింది. షాపు నుంచి. దగ్గు మందు ఎక్కడ పెట్టారని అడగడానికి. చెయ్యి అటు పోయింది. 'నాన్నా, ఆగకు!' అని అరిచింది. అప్పటికే..."

"కోప్పడిందా?"

"కోప్పడినా బాగుండేది సిస్టర్. ఆ గుంటలో వేలు పెట్టి నవ్వింది. 'ఇది నీ సంతకం నాన్నా. పోనీలే, రెండోది వచ్చే ఆదివారం చేద్దాం, అప్పుడు మాత్రం ఫోను అమ్మకి ఇచ్చెయ్యి' అంది."

కిటికీ ఊచ పట్టుకుని అన్నాడు. "వచ్చే ఆదివారానికి ఆస్పత్రిలో ఉంది."

సిస్టర్‌కి బైబిలు అంతా నోటికొచ్చు. అందులోంచి ఒక్క వాక్యం కూడా తియ్యలేదు.

"ఆ గుంట లేకుండా, ఒక్కసారి, ఒక్కసారి ఎగరాలి దాని విమానం," అన్నాడాయన. "అది చూశాకైనా నాకు..."

ఆవిడ లేచి దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒక్కటే దిమ్మ.

"రెండు కావాలి కదా సిస్టర్?"

"ముందు కుడిది."

కిన్నెర చేసిన ఎడమ రెక్కని పక్కన పెట్టి, బద్దతో కొలిచి, ఆయన వైపు అచ్చు మీద పెన్సిలుతో ఒక చిన్న గీత గీశారు. ఎందుకని ఆయన అడగలేదు. గురువు గీస్తే శిష్యుడు అడగడు. కిటికీలన్నీ తెరిచారు, పొగ పోవడానికి. బ్యాటరీ తగిలించారు. ఇద్దరూ విల్లు ఎత్తారు.

తీగ దిమ్మలోకి దిగింది.

ఆయన చెయ్యి ఎంత బాగా నడిచిందనుకున్నారు! తొందర లేదు, తడబాటు లేదు. ఆవిడ ఎక్కువ దూరం, ఆయన తక్కువ దూరం. ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళకి వినబడుతున్నట్టు ఇద్దరూ కలిసి వస్తున్నారు. చెయ్యి పెన్సిలు గీత దగ్గరికి వచ్చింది.

"ఆగండి," అన్నారు సిస్టర్.

ఇన్ని నెలల్లో ఆ మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ ముందుకే పోబోయింది.

"ఆగండి రత్నంగారూ."

ఆగాడు.

తీగ చుట్టూ తెల్లదనం మెల్లగా వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. సన్నటి పొగ లేచింది. కాలిన వాసన. అదే వాసన.

"సిస్టర్! పాడైపోతోంది సిస్టర్!"

ఆవిడ తన కొసని మాత్రం చీమ నడకన జరుపుతూనే ఉన్నారు. ఆయన కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే తీగ అచ్చు మీంచి జారిపోతుంది కదా. అందుకని చూస్తూ నిలబడ్డాడు. తన చేతి కిందే, తన కళ్ళ ముందే, గుంట పెద్దదవుతోంది.

"చాలు," అన్నారు సిస్టర్. "ఇక కదలండి."

ఆయన చెయ్యి కదల్లేదు.

"కదలండి నాయనా."

ఆ వయసు మనిషిని ఆవిడ ఎప్పుడూ 'నాయనా' అని పిలవలేదు. ఆయన చెయ్యి కదిలింది. తీగ మిగిలిన దారంతా నడిచి అవతలి అంచున బయటికి వచ్చింది. రెండు కొసలూ ఒకేసారి వచ్చాయి.

ఆవిడ కొత్త రెక్కని పాత రెక్క పక్కన చేర్చారు. ఎడమ చివర ఒక గుంట, కుడి చివర ఒక గుంట. అంతే లోతు, అంతే వెడల్పు. మొదళ్ళు రెండూ కలిపి పట్టుకుని నడిమధ్యన చూపుడు వేలు మీద నిలబెట్టారు. అటూ ఒరగలేదు, ఇటూ ఒరగలేదు.

బల్ల మీద దింపి ఆయన ముందుకి జరిపారు.

వెంకటరత్నం గారు కొత్త గుంటలో బొటనవేలు పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. పాత గుంట వైపు చెయ్యి చాపాడు. చాపి, అక్కడ వేలు పెట్టకుండా, దాని పక్కన ఉత్తినే అరచెయ్యి ఆనించి ఉంచాడు.

సిస్టర్ అటు తిరిగి బ్యాటరీ తీగలు చుట్టుకుంటూ ఉండిపోయారు. ఆ తీగలు చుట్టడానికి అంతసేపు పట్టదు.

వెళ్ళేటప్పుడు ఆయన అనసూయమ్మ చీర పరిచాడు. రెండు రెక్కలూ అందులో పట్టాయి.

ఏం, అలా చూస్తున్నారు? కథ అయిపోయింది.

ఎగిరిందా అనా? ఎగిరింది రా. కాన్వెంటు గ్రౌండులో ఒక ఆదివారం ఎగరేశారు. ఒరగలేదు. గీత గీసినట్టు పోయింది. అనసూయమ్మ కూడా వచ్చింది. ఆయన ఫోను ఆవిడ చేతి సంచిలో ఉంది.

ఆయన ఏడ్చాడా అనా?

రిమోటు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, నాన్నా. ఆ విమానం దిగేదాకా ఆయన కళ్ళు తుడుచుకోవడం ఎక్కడ కుదురుతుంది?

లేవండి, లేవండి. ఆ గిన్నె ఇటు అందివ్వు. చీకటి పడేలోపు ఈ పప్పు కడిగి రుబ్బకపోతే పొద్దున్న ఇడ్లీల్లేవు. పొట్టు ఇంకా ఎంతుందో చూడు.