జత లేని బోయీ

కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల మాట. ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి, కోపం వస్తే తిట్టండి. తిట్టాల్సిన కథే ఇది.

అనగనగా ఒక జమీందారు. ఆయనకో పల్లకీ. ఆ పల్లకీ మోసే బోయీల్లో ఒకడు అసిరయ్య. తాడిచెట్టంత మనిషి. పల్లకీకి ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. జతగాళ్లు ఒకే ఎత్తుండాలి. లేకపోతే లోపల దొరగారికి కుదుపు తగులుతుంది, పాపం! అసిరయ్యకి జత దాలయ్య. ఇరవయ్యేళ్లు కలిసి మోశారు. ఒక వానాకాలం దాలయ్య జ్వరమొచ్చి చచ్చిపోయాడు.

దివాణం వాళ్లు అసిరయ్యని పిలిచి, నీ ఎత్తువాడు దొరికేదాకా ఇంట్లో ఉండమన్నారు. అందాకా తిండిగింజలు ఇస్తారా అని అడిగాడు. జత లేని ఎద్దుకి గడ్డెవడు వేస్తాడన్నారు. ఇరవయ్యేళ్లు మోసిన మనిషికి దక్కిన మాట అది.

కమ్మరి దగ్గరికి వెళ్లి పని అడిగాడు. రేపు దివాణం పిలిస్తే పోతావు, నువ్వొద్దన్నాడు కమ్మరి. కుమ్మరి దగ్గరికి వెళ్లాడు. అదే మాట. గొర్రెల కాపరి దగ్గరికి వెళ్లాడు. అదే మాట. పోనీ, దివాణం పిలిచిందా? పిలవలేదు. భార్య నూకాలు అడవిలో దుంపలు తవ్వి తెస్తే అవే తిన్నారు.

అలా ఉండగా, కొండమీది గూడెంలో ఒక ముసలమ్మకి కాలు విరిగింది. వైద్యుడు ఉండేది కొండ కింద, రెండు కోసుల దూరంలో. వెదురు బొంగుకి దుప్పటి వేలాడగట్టి డోలీ చేశారు. ఒక కొస కొడుకు పట్టాడు. రెండో కొసకి మనిషి లేడు. ఖాళీగానే ఉన్నాను కదా అని అసిరయ్య భుజం పెట్టాడు. కొడుకేమో పొట్టివాడు. బొంగు వాలితే ముసలమ్మ జారిపోతుంది. అందుకని అసిరయ్య మోకాళ్లు వంచి నడిచాడు. రెండు కోసులూ వంచే నడిచాడు.

తర్వాత పాము కరిచిన పిల్లని మోశాడు. వంచే నడిచాడు. వాళ్లిచ్చిన గుప్పెడు చోళ్లు, అంటే రాగులు, కళ్లకద్దుకుని తీసుకున్నాడు. కింద ఊరి పెద్దలు మాత్రం, పని లేనోడు పీనుగులు మోస్తున్నాడని నవ్వారు. వాళ్లింట్లో ఎవరికీ కాలు విరగలేదు మరి.

మూడోసారి మోసింది గూడెంలో సోమన్న అనేవాడి పెళ్లాన్ని. ఆమెకి నొప్పులొచ్చాయి. రెండు రోజులైనా బిడ్డ బయటికి రాలేదు. ఆ పిల్లని డోలీలో వేసుకుని సగం కొండ దిగారో లేదో, దివాణం బంట్రోతు ఎదురొచ్చాడు. అసిరయ్య ఎత్తువాడు దొరికాడట. దొరగారు పెళ్లికి బయల్దేరుతున్నారట. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా రాకపోతే ఇక ఆ గడప తొక్కొద్దన్నారట.

సోమన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఎల్లిపో మావా. నీ కూడు నానెందుకు పోగొట్టాల?" అన్నాడు.

అసిరయ్య బొంగు దించలేదు. బంట్రోతు వైపు చూసి, "దొరకి కాళ్లున్నాయి బాబూ, నడవమను. ఈ పిల్లకి ఈ పొద్దు నా కాళ్లే దిక్కు" అన్నాడు.

బిడ్డ పుట్టాడు. తల్లి బతికింది. అసిరయ్య పని పోయింది. దివాణం భుజాన్ని గూడెం వాళ్లకి వాడాడని దొర అతని గుడిసె కూడా పీకించాడు. ఆ భుజం ఆకలితో ఉన్నప్పుడు అది తనదని ఆ దొరకి గుర్తు రాలేదు చూడండి! ఛీ, ఏం బతుకది!

నూకాలుని తీసుకుని అసిరయ్య గూడేనికి వెళ్లిపోయాడు. బతికినన్నాళ్లూ డోలీ మోశాడు. పోయేనాటికి మోకాళ్లు చాపినా సాగేవి కావు. అతని పాడె పట్టడానికి మూడు కొండల జనం వచ్చారు. ఏ ఇద్దరిదీ ఒక ఎత్తు కాదు. పొడుగువాళ్లంతా మోకాళ్లు వంచి నడిచారు.

ఇప్పటికీ ఆ కొండల్లో డోలీ ఎత్తేటప్పుడు "అసిరయ్యా, వంగు" అంటారు. పొడుగువాడు వంగుతాడు. దొరలు పోయారు. పల్లకీలు పోయాయి. డోలీ మాత్రం పోలేదు, ఎందుకంటే రోడ్డు రాలేదు. రోడ్డేస్తామని చెప్పడానికి తెల్లచొక్కాల వాళ్లు వచ్చినప్పుడల్లా గూడెం ముసలమ్మలు ఒక వెదురు బొంగు తెచ్చి వాళ్ల కాళ్ల ముందు పడేస్తారు. "దారెయ్యండి. ఎయ్యలేకపోతే వంగి ఓ కొస పట్టండి" అంటారు.

ఇంతవరకు ఒక్కడూ వంగలేదు.