ఊరు పోగొట్టుకున్న ఊ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ముగ్గురే ఎందుకంటే, నాకు లెక్కలు మూడు దాకానే వచ్చు. ఆ తర్వాత నానా తంటాలు పడి ఏడు దాకా నేర్చుకున్నాను గనక ఈ కథలో సముద్రాలు ఏడున్నాయి. అంతకు మించినదేదైనా వస్తే "బోలెడు" అంటాను. పిల్లలూ, మీరే సర్దుకోవాలి.

రాజుగారి పేరు విశాలకేతుడు. ఆయన పట్నం పేరు రేవాడ, ఏటి ఒడ్డున ఉండేది. పెద్దకొడుకు రత్నాంగుడు పాడితే ఏట్లో చేపలు తలలు పైకెత్తేవి. రెండోకొడుకు మణిమంతుడు ఆడితే నెమళ్ళు సిగ్గుపడి పురి దాచుకునేవి. మూడోవాడు వసుపాలుడు. ఇతను ఒకసారి పాడితే గుర్రపుశాలలో గుర్రాలు కట్టుతాళ్ళు తెంపుకున్నాయి. ఒకసారి ఆడితే రాజవైద్యుణ్ణి పిలవాల్సొచ్చింది.

అతనికి వచ్చిందల్లా ఒక్కటే. ఎవరైనా కథ చెబుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, సరిగ్గా ఎక్కడ కొట్టాలో అక్కడ "ఊ" కొట్టేవాడు. భయానికి ఒక ఊ, జాలికి ఒక ఊ, "తర్వాతేమైంది, తొందరగా చెప్పు" అనడానికి ఒక ఊ. అందుకే ఊళ్ళోవాళ్ళు అతన్ని రాకుమారుడనకుండా ఊకుమారుడనేవారు. అతనూ నవ్వేసేవాడు. "విద్యలన్నీ అన్నలిద్దరూ పంచేసుకున్నారు. నాకు మిగిలింది ఒక్క అక్షరం. పోనీలెండి, దానికి దీర్ఘమైనా ఉంది!" అనేవాడు.

రేవాడలో పొద్దు వాలితే చాలు, ఇసకలో తెర కట్టి బొమ్మల వీరోజీ తోలుబొమ్మలు ఆడించేవాడు. ఒక పక్క హరికథ, ఇంకో పక్క కోలాటం. ఏటి అవతల ఊళ్ళన్నీ పడవలెక్కి వచ్చేవి. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చుంటారా? వేరుశనక్కాయలు తినేవారు, పూలు పెట్టుకునేవారు, గాజులు తొడిగించుకునేవారు, తెల్లారాక మగ్గాల వీధిలో చీరలు బేరమాడి మరీ వెళ్ళేవారు. ఊరంతా కళకళలాడేది.

అలాంటి ఊరు ఉన్నట్టుండి చప్పబడింది. వీరోజీ తెర మీద హనుమంతుడు సముద్రం దూకితే ఒక్కరు తప్ప ఎవరూ "ఊ" అనలేదు. లంక తగలబడితే ఎవరూ "అయ్యో" అనలేదు. జనం కూర్చున్నారు, చూశారు, లేచి దులుపుకుని వెళ్ళిపోయారు. రెండో రోజు సగమే వచ్చారు. మూడో రోజు కుక్క ఒకటి వచ్చింది, అదీ మధ్యలో లేచి పోయింది. ఆట ఆగింది. ఆట ఆగితే శనక్కాయలు ఆగాయి, పూలు ఆగాయి, గాజులు ఆగాయి, మగ్గాలు ఆగాయి. పూటకూళ్ళమ్మ పొయ్యిలో పిల్లి పడుకుంది. ఒక్కో ఇంటికి తాళం పడడం మొదలైంది.

రాజుగారు ఊరుకోలేదు. బోలెడు స్తంభాలతో, పైన బంగారు కలశంతో పెద్ద నాట్యశాల కట్టించారు. చూడ్డానికి భలేగా ఉండేది. గబ్బిలాలకు బాగా నచ్చింది. పొరుగు దేశాల నుంచి పండితుల్ని, పాటగాళ్ళని పిలిపించారు. వాళ్ళూ వచ్చారు, ఊ కొట్టని జనం ముందు ముచ్చెమటలు పట్టి వచ్చిన దారినే పోయారు.

ఒకరోజు వీరోజీ కూతురు సక్కుబాయి ఇసకలో బొమ్మలు మూటగడుతోంది. వసుపాలుడు వెళ్ళి పక్కన కూలబడ్డాడు.

"ఎక్కడికి ప్రయాణం?"

"డప్పులు కట్టేవాళ్ళ దగ్గరికి దొరా. రాముడు, రావణుడు అందరూ మంచి తోలే గదా, డప్పుకు పనికొస్తారంట." మూటకి ముడి వేస్తూ అంది. "అవునుగానీ, నాకో సంగతి అంతు చిక్కడం లేదు. జనం చప్పబడ్డ మొదటి నాడు ఒక్క గొంతే ఊ కొట్టింది. అది తమరిదే. అందరికీ పోయింది, తమరికెందుకు పోలేదు?"

ఆ ప్రశ్న అతనికీ నచ్చింది. ఇద్దరూ తలలు గోక్కుంటూ ఆలోచించారు.

"అంతకు ముందు మన ఊళ్ళోకి కొత్తవాళ్ళెవరైనా వచ్చారా?" అన్నాడు వసుపాలుడు.

"గడ్డపాయన ఒకడొచ్చాడు కదా! జృంభకుడంట. నేనింతవాణ్ణి, నేనంతవాణ్ణి అని సొంత గొప్పలే కథగా చెప్పాడు. ఊరంతా మర్యాదకి ఊ కొట్టింది. తమరు లేరా?"

"ఉన్నాను." వసుపాలుడు సిగ్గుపడి ముక్కు రుద్దుకున్నాడు. "ఆ రోజు పూర్ణం బూరెలు కాస్త ఎక్కువయ్యాయి. వేదిక వెనకాల నిద్రపోయాను."

సక్కుబాయి ఫక్కున నవ్వింది. "అయితే తమర్ని కాపాడింది బూరెలా! అన్నట్టు, ఆయన్ని ఏరు దాటించిన పడవవాడు చెప్పాడు, ఏడు సముద్రాల అవతలి దీవికి పోతున్నానన్నాడంట, ఆయన సంచీలోంచి తేనెపట్టు మోగినట్టు 'ఊ, ఊ' అని ఒకటే మోతంట. దొరా, వాడు మన ఊరి ఊ ఎత్తుకుపోయాడు!"

కొడుకులు ముగ్గురూ బయల్దేరతామన్నారు. ముందు పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. తర్వాత రెండోవాడు వెళ్ళాడు, అతనూ తిరిగి రాలేదు. "నువ్వెళ్ళి ఏం చేస్తావురా?" అన్నారు రాజుగారు మూడోవాడితో.

"ఏం చేస్తానో చూద్దామనే వెళ్తున్నాను నాన్నగారూ" అన్నాడు వసుపాలుడు.

సక్కుబాయి మూట విప్పింది. "పున్నమి దాకా డప్పులవాళ్ళని ఆపుతాను. ఆ తర్వాత నా చేతిలో లేదు" అంది.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు కూర్చుని ఉంది. "అబ్బాయ్, నా కథలెవరైనా వింటే ఏడు సముద్రాలూ దాటిస్తాను. మీ అన్నలిద్దరికీ తొందర. ఒకడు తన పాట వినమన్నాడు, ఒకడు తన ఆట చూడమన్నాడు. నా గోడు వినమంటే పడవెక్కి పోయారు" అంది.

"చెప్పు తాతా" అని వసుపాలుడు డిప్ప మీద ఎక్కాడు. సముద్రానికో కథ. ఉప్పు సముద్రంలో తాబేలు పెళ్ళి కథ, పాల సముద్రంలో మీగడ దొంగ కథ, చెరుకురసం సముద్రంలో చీమల దండయాత్ర కథ. తాబేలు నడక ఎలాంటిదో కథా అలాంటిదే. అయినా వసుపాలుడు ఊ కొడుతూనే ఉన్నాడు. మధ్యలో "ఆ చీమలు ఈదాయా, పడవ కట్టాయా?" అని అడిగితే తాబేలు మురిసిపోయి వెనక్కి తిరిగి ఆ సముద్రం మళ్ళీ ఈదింది.

ఏడో సముద్రంలో తాబేలు గొంతు తగ్గించింది. "జృంభకుడి ప్రాణం వాడి చిలకలో ఉంది. మీ ఊరి ఊలన్నీ దాని పొట్టలోనే ఉన్నాయి. వాడు గొప్పలు చెప్పుకుంటాడు, అది ఊ కొడుతుంది. ఆ ఊ మీదే వాడి మంత్రం నిలబడింది. కానీ చిలక మెడ విరిచావో, మీ ఊరి ఊ కూడా దాంతోనే పోతుంది, జాగ్రత్త."

"మరెలా?"

"పుట్టి బుద్ధెరిగాక వాడు ఒకరి కథకు ఊ కొట్టి ఎరగడు. కొట్టిన క్షణాన మంత్రం తెగుతుంది. ఎలా కొట్టిస్తావో నాకు తెలీదు బాబూ, నేను తాబేలుని."

దీవిలో రాతిమేడ. వాకిట్లో రెండు కొత్త స్తంభాలున్నాయి. ఒకటి నోరు తెరిచిన రత్నాంగుడు, ఒకటి నోరు తెరిచిన మణిమంతుడు. లోపల జృంభకుడు ఉయ్యాలబల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఇనప పంజరంలో ఆకుపచ్చ చిలక, కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నరవాసన!" అన్నాడు జృంభకుడు.

"వారమై సముద్రం మీదే ఉన్నాను, చేపవాసన వస్తుందనుకున్నాను" అన్నాడు వసుపాలుడు, సొంత చొక్కా వాసన చూసుకుని.

"నీకూ చిలకే కావాలా? నా కథలు మూడున్నాయి. వింటూ ఆవలించావంటే స్తంభమవుతావు. ఆవలించకపోతే వరమిస్తాను. చిలకను మాత్రం ఇవ్వను."

మొదటిది జృంభకుడు పుట్టిన కథ. రెండోది జృంభకుడి గడ్డం కథ. మూడోది జృంభకుడి తుమ్ముల కథ. ఒక్కో తుమ్ముకు ఒక్కో రాజ్యం ఎగిరిపోయిందట. చిలక ప్రతి మాటకూ "ఊ" అని మూలిగింది. వసుపాలుడికి మాత్రం ఆవలింత రాలేదు. నిజంగానే అతనికి తెలుసుకోవాలని ఉంది. "తాతా, గడ్డంలో చిక్కులు పడితే ఎవరు తీస్తారు? తుమ్ము వచ్చే ముందు ముక్కులో దురద మొదలైతే ముందే చెప్పి పంపుతారా ఆ రాజులకి?" అని అడిగాడు.

జృంభకుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అంతవరకూ అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. "భేష్ రా కుర్రాడా! ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"నాకు చిలక వద్దు తాతా. చిలక ఒక కథ చెబితే వినాలని ఉంది."

చిలక కళ్ళు రెండూ తెరుచుకున్నాయి. "నేనా? నన్నా?" అంది. ఇన్నాళ్ళూ బోలెడు కథలు విన్నదే గానీ, దాన్ని చెప్పమన్నవాడు లేడు. అది రెక్కలు సర్దుకుని గొంతు సవరించుకుంది.

"ఒక బావి ఉంది. ఆ బావి అడుగున ఒక పట్నం ఉంది. అక్కడ అందరూ తలకిందులుగా నడుస్తారు, వాన కింది నుంచి పైకి కురుస్తుంది. ఒకనాడు పైనుంచి ఒక రాగిచెంబు పడింది. పట్నమంతా గుమిగూడింది. చెంబు లోపల ఏదో కదిలింది. ఒక పిల్ల ధైర్యం చేసి మూత మీద చెయ్యి వేసింది..."

చిలక ఆగింది. వసుపాలుడికి ఊ గొంతుదాకా వచ్చేసింది. పుట్టినప్పటి నుంచి ఇలాంటి చోట ఊ కొట్టకుండా అతను ఒక్కసారి ఉండలేదు. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. ముఖం కందగడ్డలా ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"ఆగావేం? చెప్పవే!" అన్నాడు జృంభకుడు.

"ఊ కొట్టనిదే కథ కదలదు. అది మా పద్ధతి" అంది చిలక, ఈక సవరించుకుంటూ.

"ఒరేయ్, ఊ కొట్టరా!"

వసుపాలుడు వేళ్ళ సందులోంచి అన్నాడు. "నా ఊలన్నీ తమరి గడ్డానికే ఖర్చయిపోయాయి తాతా."

జృంభకుడు లేచాడు, పచార్లు చేశాడు. "నాకేం పట్టింది! ఇంతా చేసి చెంబేగా!" అన్నాడు. కూర్చున్నాడు. "పామేనా అందులో?" అన్నాడు. చిలక ముక్కుతో పంజరం ఊచ గీరుకుంది. "పాము కాదేమోలే, పామైతే బుస వినబడేది" అని తనే అనుకున్నాడు. గడ్డం పీక్కున్నాడు. మళ్ళీ లేచాడు, గుమ్మం దాకా వెళ్ళాడు, గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. పాపం, ఒకరి కథలో ఇరుక్కోవడం అతనికి అలవాటు లేదు. ఎలా తప్పించుకోవాలో తెలియలేదు.

"ఆ పిల్ల మూత మీద చెయ్యి వేసింది" అంది చిలక మెల్లగా. "వేసి, తిప్పింది..."

"ఊ!" అన్నాడు జృంభకుడు.

పంజరం తలుపు ఠపీమని తెరుచుకుంది. చిలక నోట్లోంచి ఊలన్నీ తూనీగల్లా బయటికొచ్చి, కిటికీలోంచి రేవాడ వైపు ఎగిరిపోయాయి. వాకిట్లో స్తంభాలు రెండూ ఆవలింత పూర్తి చేసి మనుషులయ్యాయి. మాంత్రికుడు పోయాడు. గుమ్మం దగ్గర మిగిలింది గడ్డం చిక్కులు పడిన మామూలు ముసలాయన.

"అది సరే, చెంబులో ఏముంది?" అన్నాడు ఆ ముసలాయన.

చిలక వసుపాలుడి భుజం మీద వాలింది. "మిగతాది రేవాడలో చెబుతాను" అంది. ముసలాయన చెప్పులు వెతుక్కుని అందరికంటే ముందు వెళ్ళి తాబేలు ఎక్కి కూర్చున్నాడు.

పున్నమి పొద్దుటికి రేవాడ చేరారు. సక్కుబాయి వాకిట్లో డప్పులవాళ్ళు రావణుడి బోలెడు తలలూ పట్టుకుని లాగుతున్నారు, సక్కుబాయేమో కాళ్ళు పట్టుకుని లాగుతోంది. "వదలండి! రావణుడికి ఈ సాయంత్రం వేరే వేషముంది!" అని అరిచాడు వసుపాలుడు.

ఆ సాయంత్రం ఇసకలో చిలక బావి పట్నం కథ ఎత్తుకుంది. వీరోజీ తొందరలో బొమ్మలన్నీ తలకిందులుగా పట్టుకున్నాడు. పట్టుకున్నాక నాలిక కరుచుకున్నాడు. జనం మాత్రం "ఊ, బావిలో అంతే గదా నడుస్తారు!" అని చప్పట్లు కొట్టారు. చెంబు మూత సగం తెరిచి చిలక ఆ పూటకి ఆపింది. ఏటి అవతలివాళ్ళు ఇళ్ళకు పోలేదు. పూటకూళ్ళమ్మ పొయ్యిలో పిల్లిని లేపింది.

మర్నాటికి కబురు పాకింది. మూడు దేశాల నుంచి జనం వచ్చారు. కుమ్మరులు తలకిందుల బొమ్మలు చేశారు, నేతగాళ్ళు చీరల అంచుల్లో పైకి కురిసే వాన నేశారు. తాళాలు పడిన ఇళ్ళవాళ్ళు తిరిగొచ్చి తాళాలు తీశారు. రత్నాంగుడు పాడాడు, మణిమంతుడు ఆడాడు, ఈసారి విన్నవాళ్ళున్నారు. మరి బంగారు కలశం నాట్యశాల? అందులో దూరపువాళ్ళు చాపలు పరుచుకుని పడుకునేవారు. స్తంభాలకు ఎద్దులు కట్టుకునేవారు. "దేనికో దానికి పనికొచ్చింది" అని రాజుగారు తృప్తిపడ్డారు. చిక్కులు తీసిన గడ్డంతో ముసలాయన మాత్రం రోజూ ముందు వరసలోనే.

రాజుగారు వీరోజీని పిలిపించి, మీ పిల్లని మా చిన్నవాడికిస్తారా అని అడిగారు. వీరోజీ నోరు పెగిలేలోపు సక్కుబాయే అంది. "చేసుకుంటాను మహారాజా, ఒక్క షరతు. సాయంత్రాలు తమ అబ్బాయి తెర వెనక దీపం పట్టుకోవాలి."

"పాడమంటావేమోనని హడలిపోయాను" అన్నాడు వసుపాలుడు.

పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. ఇద్దరూ రేవాడను బోలెడన్నేళ్ళు ఏలారు. పగలు కొలువు, సాయంత్రం బొమ్మలాట. కథలన్నీ చివరికి కంచికి పోతాయంటారు కదా, ఈ కథ కూడా మూట కట్టుకుని రేవుకొచ్చిందట. చూస్తే పడవలన్నీ వచ్చే జనంతోనే కిటకిటలాడుతున్నాయి, పోయే పడవ ఒక్కటీ లేదు. "ఇక్కడే ఉంటే పోలా" అనుకుని మూట దించేసిందట.