పసుపు పూసిన దూలం

ఊరి చివరి కొట్టంలో పెద్దరికం గాడిదది, నోరు మేకది, దిగులు గేదెది. గేదె చూడితో ఉంది. కోడి కూడా ఉండేది కానీ దాన్ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఆ ఏడు వానల్లో కప్పు మీద పెంకులు రెండు జారిపోయాయి. సర్దుదామని ఎవరికీ తోచలేదు. మేక మీద నీళ్ళు పడితే మేక జరిగింది. గాడిద మీద పడితే, "నువ్వూ జరుగు పెద్దయ్యా," అంది మేక. నెల రోజులపాటు ఆ నీళ్ళన్నీ దూలం కొనలోకి దిగాయి. ఆ కొన కిందే గేదె పడక.

గేదె భయపడి వడ్రంగిపిట్టను పిలిచింది. పిట్ట దూలం పొడవునా ముక్కుతో తట్టుకుంటూ వెళ్ళి గోడ దగ్గర ఆగింది.

"వదినా, ఇక్కడ డొల్లగా మోగుతోంది. మూరెడు మేర కుళ్ళింది. ముందు పెంకులు సర్దాలి. కింద గుంజ ఆనించి, గట్టి చెక్క తగిలేదాకా కుళ్ళు కోసెయ్యాలి. అటూ ఇటూ టేకు పలకలు పెట్టి బోల్టులు బిగించాలి. పది రోజుల పని. అన్నాళ్ళూ అందరూ బయటే పడుకోవాలి."

"బయటా? నాకసలే జలుబు," అంది మేక.

"మా తాతలనాటి దూలానికి రంపం పెడతావా?" అంది గాడిద. వాళ్ళ తాత ఈ కొట్టంలోకి మొదట వచ్చింది గడ్డి దొంగిలించడానికి. ఆ సంగతి నేను అనకూడదు.

అంతలో నక్క వచ్చింది. ఎవరూ పిలవలేదు.

"పది రోజులెందుకు పెద్దయ్యా? సాయంత్రానికి చేసిపెడతా. రోజూ కోడి పెట్టే గుడ్లు ఇప్పించండి, చాలు."

"అలాగే," అంది గాడిద. కోడి గుడ్ల మీద కూర్చునే ఉంది.

నక్క కుళ్ళులో బంకమట్టి కూరింది. పైన పేడతో అలికింది. దాని మీద చిక్కగా పసుపు పూసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టింది. గాడిద చెవులు దించి దండం పెట్టింది.

పిట్ట మళ్ళీ వచ్చి ఒక్కసారి తట్టింది. "లోపల ఉన్నది మట్టి!"

"బొట్టు పెట్టిన దూలానికి ముక్కు తగిలిస్తావా?" మేక గుడ్లురిమింది. "కడుపుతో ఉన్నదాని నెత్తిన అరిష్టం పెడతావా?"

"వదినా, కనీసం నువ్వు ఆ మూలకు మారు."

గేదె తల ఎత్తింది. పసుపు మధ్య గిట్టంత తడిమచ్చ కనిపించింది. కానీ మారితే పసుపు పూసిన దూలాన్ని అనుమానించినట్టవుతుంది. నలుగురూ నాలుగు మాటలంటారు. అక్కడే పడుకుంది. అక్కడే ఈనింది. పెయ్యదూడ.

మూడోనాడు మధ్యాహ్నం వాన పట్టుకుంది. గేదె తొట్టి దగ్గరికి వెళ్ళిన కాసేపటికి దూలం కొన విరిగి దిగింది. పెంకులు తీసేసరికి దూడ చల్లబడి ఉంది.

పంచాయితీ పెట్టారు. మధ్యలో నక్క కూర్చుంది.

"పసుపు పూసిన దూలం ఊరికే విరగదు. దాన్ని ఎవరైనా తట్టారా?"

"పిట్ట తట్టింది," అంది మేక.

"నేను దండం పెడుతున్నాను, చూడలేదు," అంది గాడిద.

నక్క గేదె వైపు తిరిగింది. "కన్నతల్లివి, నువ్వు చెప్పు వదినా. తట్టిందా, లేదా?"

గేదెకు పొదుగు సలుపుతోంది. ఉన్నదంతా చెబితే, తడిమచ్చ చూసి కూడా దూడను అక్కడే పడుకోబెట్టానని చెప్పాలి.

"తట్టింది," అంది.

పిట్టను కొట్టం ఛాయలకు రావద్దన్నారు. పిట్ట గేదె వంక ఒకసారి చూసి ఎగిరిపోయింది.

కొత్త దూలం పని నక్కకే ఇచ్చారు. ఈసారి కూలి గుడ్లతో పాటు గేదె పాలు. తాగే దూడ లేదు కదా అని నక్కే గుర్తు చేసింది.

నీతి: కుళ్ళు కప్పినవాడికి కూలి దక్కే చోట, కుళ్ళిందని చెప్పినవాడే దోషి.