రాజావారి ఇంగ్లీషు వాన

ఒకానొక రాజ్యంలో, దొరల కాలంలో, సూర్యకాంత భూపతి అనే రాజుకు ఇంగ్లీషు పిచ్చి పట్టింది. నేర్చుకున్నది మాత్రం ఒకే ఒక్క ముక్క: "ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్." కుండపోతగా వాన కురుస్తుంటే దొరలు అనే మాట అది. రాజు పులిహోర రుచిగా ఉన్నా అదే అనేవాడు, ఏనుగు మొండికేసినా అదే అనేవాడు. సభంతా భళా భళా అనేది.

దొరల మాటలు రాజుకు తెలుగులో చెప్పే దుబాసీ పేరయ్యకు అది పంటికింద రాయిలా ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక నోరు విప్పాడు.

"ప్రభూ, ఆ మాట వాన పడుతున్నప్పుడే అనాలండి."

రాజుకు ఒళ్ళు మండింది. "నాకే పాఠాలా? రేపు కలెక్టరు దొర వస్తున్నాడు. గుమ్మంలోనే అంటాను. ఆయన మెచ్చుకుంటే నువ్వు అబద్ధాలకోరువి. నవ్వితే నాకు సరిగ్గా నేర్పని దద్దమ్మవి. ఎటైనా నీ ఉద్యోగం ఊడినట్టే!"

"వానకు తగ్గ మాటేనని దొరే అంటేనో?"

"నడి వైశాఖంలో వానా? అలా అంటే నీ ఉద్యోగం నీకే!" రాజు పగలబడి నవ్వాడు.

పేరయ్యది నలుగురు పిల్లలున్న సంసారం మరి. దిగులుగా బయటికొస్తుంటే, గుమ్మాలకు కట్టిన వట్టివేళ్ళ తడికల మీద నౌకర్లు చెంబులతో నీళ్ళు చల్లుతూ కనిపించారు. వేసవిలో కోట చల్లబడేది ఆ తడికలతోనే. పేరయ్య అక్కడే ఆగిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం దొర గుర్రం దిగి గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, మేడమీంచి పది గంగాళాల నీళ్ళు తడికల మీద ధబధబా పడ్డాయి. దొర టోపీతో సహా ముద్దయ్యాడు. ఏం జరిగిందో చూసుకోకుండానే రాజు తన ముక్క అప్పజెప్పేశాడు.

ఎండలో మాడి వచ్చిన దొరకు ప్రాణం లేచొచ్చింది. విరగబడి నవ్వుతూ, వచ్చీరాని తెలుగులో, "శభాష్ రాజా! ఈ వానకి అదే రైటు మాట!" అన్నాడు.

దొర వెళ్ళాక రాజు గుడ్లురిమాడు. "ఎవడయ్యా ఆ నీళ్ళు పోయించింది?"

"నేనే ప్రభూ. తమ మాట మార్చడం నా తరమా? అందుకని వాతావరణాన్నే మార్చాను."

రాజు మీసం కదిలింది. ఆపుకోబోయాడు గానీ నవ్వు ఆగలేదు. తన జరీ శాలువా తీసి పేరయ్యకు కప్పాడు. ఆ మండుటెండలో శాలువా కప్పుకుని ఇంటికి నడిచినా, ఉద్యోగం దక్కిన పేరయ్యకు హాయిగానే ఉంది.