మందయాన తవ్వని చెలమ

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. వానకాలంలో ఒడ్లు ఒరుసుకొని పారే ఆ వాగులో, ఎండలు ముదిరితే ఇసుక తప్ప మరేమీ మిగిలేది కాదు. అయినా నీరు పూర్తిగా పోయేది కాదు. ఇసుక అడుగున దాగి ఉండేది. నేర్పుగా గుంట తవ్వితే పైకి ఊరేది. అటువంటి గుంటనే చెలమ అంటారు.

ఆ అడవి మొత్తానికి చెలమ తవ్వడం తెలిసినది మందయాన అనే ముసలి ఏనుగుకు మాత్రమే. ముప్పై వేసవులుగా ప్రతి ఉదయమూ వాగులోకి దిగి ఆమే తవ్వేది. జంతువులన్నీ తాగిన తరువాత మిగిలినది తాను తాగేది. ఈ ఏడు ఆమె ముందరి కాలు వాచింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం ముంచుకొచ్చేది. పైయేటి ఎండలు తాను చూడబోనని ఆమెకు తెలుసు. తన తరువాత ఈ పిల్లాపాపలకు నీళ్ళెవరిస్తారన్నదే ఆమె దిగులు.

ఒకనాడు మందయాన అందరినీ పిలిచింది.

"నాయనలారా, నేను అలసిపోయాను. ఈ పని ఇక మీరు నేర్చుకోవాలి" అన్నది.

"తప్పకుండా పెద్దమ్మా!" అన్నాయి జంతువులన్నీ.

మొదటిరోజు ఆమె నోటితో చెప్పింది. "వాగు వంపు తిరిగే చోట తవ్వాలి. గుంట నోరు వెడల్పుగా ఉండాలి, పక్కలు వాలుగా ఉండాలి. ఇసుక జావలాగా జారుతున్నప్పుడు తవ్వడం ఆపాలి. ఆపి, నీరు ఊరేదాకా ఓపిక పట్టాలి. అందరూ తాగిన తరువాత కొమ్మలు కప్పాలి."

అందరికన్నా ముందు కూర్చొని తల ఊపినవాడు జంబులయ్య అనే నక్క. సింహరాజు అతనిని నీళ్ళ పారుపత్యానికి నియమించి అయిదేళ్ళయింది. ఇంతవరకు అతని పాదానికి తడి ఇసుక అంటలేదు.

"అంతా బోధపడింది పెద్దమ్మా! ఇక భారమంతా మాదే" అన్నాడు జంబులయ్య.

మరునాటి ఉదయం వాగులోకి ఒక్కరూ దిగలేదు. మందయానే కుంటుకుంటూ దిగింది.

ఆ రెండవరోజు ఆమె తవ్వి చూపింది. అందరూ ఒడ్డున నీడలో కూర్చొని చూశారు. "ఆహా, ఏమి వాటము! ఏమి వడుపు!" అని మెచ్చుకున్నారు. నీరు ఊరగానే కడుపునిండా తాగి, మూతులు నాకుకొంటూ వెళ్ళిపోయారు. కొమ్మలు కప్పడానికి కూడా ఎవరూ ఆగలేదు. మందయాన ఆ కొమ్మలను ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి కప్పింది. ఆ పనికే మధ్యాహ్నమయింది.

మూడవరోజు ఆమె వాగులోకి దిగి, ఇసుకలో చతికిలబడింది.

"ఈరోజు నేను తవ్వను" అన్నది.

జంతువులు ఒకదాని ముఖం ఒకటి చూసుకొన్నాయి. చివరికి ముట్టెన్న అనే అడవిపంది ముందుకు వచ్చి, బావిలాగా నిటారుగా తవ్వుకుపోయాడు. పక్కలు విరిగి గుంట పూడిపోయింది.

"ఇంకా లోతుగా తవ్వవోయ్!" అని ఒడ్డుమీదినుంచి కేక వేశాడు జంబులయ్య.

"నీ కేకలకు ఊరే నీరయితే ఈపాటికి వాగు పొంగేది. కిందికి దిగవయ్యా పారుపత్తెగాడా!" అన్నాడు ముట్టెన్న, ముక్కులోని ఇసుక చీదుతూ.

అందరూ నవ్వారు. జంబులయ్య సిగ్గుపడి దిగాడు. ఇద్దరూ కలిసి తవ్విన గుంట కూడా పూడిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు చుక్కమ్మ అనే లేడి తన కూనను వెంటబెట్టుకొని వచ్చింది. "పెద్దమ్మా, నా బిడ్డ నాలుక పిడచగట్టుకొనిపోయింది. మీరొక్కసారి తొండం ఆడిస్తే చాలు" అని ఏడ్చింది.

మందయాన తొండం దానంతట అదే లేచింది. ఆ కూన వైపు చూడలేక ఆమె కన్నులు మూసుకొన్నది. ముప్పై వేసవుల అలవాటు ఆమెను లెమ్మంటున్నది.

"నేను తవ్వితే నీ బిడ్డ ఈరోజు తాగుతుంది. పైయేడు ఎవరిని అడుగుతావమ్మా?" అని, తొండాన్ని దించి తన వాచిన కాలి కింద అదిమిపెట్టుకొన్నది.

"ఇంత కఠినురాలివనుకోలేదు!" అన్నది చుక్కమ్మ. ఆ కోపంతోనే ఇసుకలోకి దిగి, గిట్టలతో పక్కలను గీకసాగింది. గుంట నోరు వెడల్పయింది, పక్కలు వాలుగా నిలిచాయి. ముట్టెన్న అడుగు తవ్వాడు. జంబులయ్య ఇసుక ఎత్తిపోశాడు. కొంతసేపటికి ఇసుక జావలాగా జారింది.

"ఇక ఆపండి" అన్నది మందయాన.

"నీళ్ళింకా రాలేదు కదా!" అన్నాడు ముట్టెన్న.

"అందుకే ఆపమన్నాను."

ఆపారు. తవ్వడంకన్నా ఆగడమే వారికి కష్టమయింది. చాలాసేపటికి అడుగున తడి మెరిసింది. మెల్లగా దోసెడు నీరు నిలిచింది. కూన మొదట తాగింది. ఆ తరువాత నీరు ఊరేకొద్దీ ఒక్కొక్కరుగా అందరూ తాగారు.

మందయాన లేవబోయి లేవలేకపోయింది. చుక్కమ్మ ఆమె దగ్గరకు వచ్చి, "రండి పెద్దమ్మా, మీకు మిగిల్చాము" అని ఒళ్ళు ఆనించి నిలబడింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి మందయాన తాను తవ్వని చెలమలో తొండం ముంచింది.

"ఎలా ఉన్నాయి పెద్దమ్మా?" అని ఆత్రంగా అడిగాడు జంబులయ్య.

"బురదగా ఉన్నాయి. రేపు ఇంకొంచెంసేపు ఆగండి" అన్నది మందయాన. ఆ ఇసుకలోనే ఒరిగి పడుకొన్నది. ఆమె వెనుక, ఎవరూ చెప్పకుండానే, చెలమమీద కొమ్మలు కప్పుతున్న చప్పుడు వినబడింది.

నీతి: విన్నంతమాత్రాన, చూసినంతమాత్రాన పని రాదు, తన చేతితో చేసినవాడికే వస్తుంది. నేర్పేవారు చేయి ఆపుకొన్నప్పుడే నేర్చుకొనేవారి చేయి కదులుతుంది.