వెనక్కి తెచ్చే మీట

అప్పట్లో ఎలా వచ్చిందని అడక్కండి గానీ, పూర్వం మంజులగిరి రాజుగారి కొలువులో ఒక కంప్యూటరు ఉండేది. దాంట్లో కొత్త సిస్టమ్ వేయించిన మంత్రి, రాజుగారికి కిటుకులు నేర్పుతున్నాడు.

"ఈ రెండు మీటలు కలిపి నొక్కితే చాలు ప్రభూ. విచారణ లేకుండానే మరణశిక్ష ఆజ్ఞ తలారికి చేరిపోతుంది."

తెర మీద పడవవాడు నూకయ్య పేరుంది. కోట గుర్రాన్ని దొంగిలించాడని నేరం. ఆ పూట అతను ఏటి మీద ఉన్నాడని రేవులో అందరూ ఎరుగుదురు, అడిగిన నాథుడే లేడు. కొలువులో ఓ పక్కన నిలబడ్డ అతని భార్య పైడమ్మ ముందుకొచ్చింది.

"పొరపాటున నేరం చెయ్యనివాడి పేరు పడితేనో బాబయ్యా?"

"పిచ్చిదానా, దానికీ మీట ఉంది. నొక్కితే చేసిందంతా వెనక్కి వచ్చేస్తుంది," అన్నాడు మంత్రి.

"అలాగైతే ముందు తమరి పేరు వేసి నొక్కండి. తలారి పని కానిచ్చాక, రాజుగారు ఆ మీట నొక్కి తమర్ని వెనక్కి తెస్తారు. అది కళ్లారా చూశాక మా ఆయన పేరు వేసుకోండి."

మీటల మీదున్న మంత్రి చెయ్యి మెల్లగా లేచి తన మెడ తడుముకుంది.

రాజుగారు అది చూశారు.

"రేవులో సాక్షుల్ని పిలిపించండి," అన్నారు.